పగలు గుమాస్తా, రాత్రి కెప్టెన్

ఆస్కార్ అవార్డుల చరిత్రలో ఒక్కసారే జరిగిన తమాషా ఒకటుంది. 1944లో వచ్చిన ‘గోయింగ్ మై వే’ సినిమాలో ఒక నటుడు ముసలి చర్చి ఫాదరు వేషం వేశాడు. ఆ ఒక్క వేషానికే ఆయన పేరు ఉత్తమ నటుడి జాబితాలోకీ ఎక్కింది, ఉత్తమ సహాయ నటుడి జాబితాలోకీ ఎక్కింది. అప్పటి పద్ధతిలో ఒకరి పేరు ఏ విభాగం కింద రాయాలన్నది ఓటేసేవాళ్ళ ఇష్టానికే వదిలేశారు. కొందరికి ఆ ముసలి ఫాదరే కథకి మూలస్తంభం అనిపించాడు. మరికొందరికి కథానాయకుడు బింగ్ క్రాస్బీ అనీ, ఈయన పక్క పాత్ర అనీ అనిపించింది. రెండు వైపులా సరిపడా ఓట్లు పడ్డాయి. 1945 మార్చి 15న జరిగిన వేడుకలో ఉత్తమ నటుడు క్రాస్బీ అయ్యాడు, సహాయ నటుడి బహుమతి ఈయనకి దక్కింది. ఆ తర్వాత అకాడమీ వాళ్ళు నాలుక్కరుచుకుని నిబంధన మార్చారు. ఒక పాత్రకి రెండు చోట్లా ఓట్లు పడినా, నామినేషన్ ఒక్క విభాగంలోనే.

ఆ నటుడి పేరు బారీ ఫిట్జెరాల్డ్. వేడుకకి అయిదు రోజుల ముందే ఆయనకి 57 ఏళ్ళు నిండాయి. యుద్ధకాలంలో లోహం కరువు కాబట్టి అప్పట్లో ఆస్కార్ బొమ్మలు ప్లాస్టర్‌తో చేసి బంగారు రంగు పూసి ఇచ్చేవారు. ఈయనకి గోల్ఫ్ పిచ్చి. ఇంట్లోనే కర్ర తిప్పుతూ సాధన చేస్తుంటే ఆ బొమ్మ తల కాస్తా ఎగిరిపోయిందట. ఆయన గురించి రాసినవాళ్ళెవరూ ఈ ముచ్చట వదల్లేదు. నేనూ వదల్లేదు.

ఈ కథలో ఆస్కార్ పెద్ద విషయమేమీ కాదు. సినిమా తెర మీద మనకి కనిపించే బారీ ఫిట్జెరాల్డ్ నిజానికి సగం మనిషే. మిగతా సగం డబ్లిన్ నగరంలో, ఆబీ థియేటర్ వేదిక మీద ఉండిపోయింది. ఆ సగం ఏమిటో తెలిస్తేగానీ తెర మీద చూస్తున్నదాని విలువ మనకి సరిగ్గా అందదు.

ఆయన అసలు పేరు విలియం జోసెఫ్ షీల్డ్స్. 1888 మార్చి 10న డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రి కార్మిక సంఘాల్లో తిరిగిన సోషలిస్టు, తల్లి జర్మన్. మతం ప్రొటెస్టెంట్. క్యాథలిక్కులే ఎక్కువగా ఉన్న ఊళ్ళో వీళ్ళది మైనారిటీ కుటుంబం. లోకమంతా ఐరిష్ క్యాథలిక్ ఫాదరుగా గుర్తుపెట్టుకున్న ఈ మనిషి అసలు క్యాథలిక్కే కాదు. ఎనిమిదేళ్ళు చిన్నవాడైన తమ్ముడు ఆర్థర్ షీల్డ్స్ కూడా నటుడే. ఈ కథలో ఆయనకీ సగం వాటా ఉంది, వస్తాను.

పెద్దవాడు పరీక్ష రాసి 1911లో ప్రభుత్వ ఉద్యోగంలో చేరాడు. మొదట వాణిజ్య శాఖ, తర్వాత నిరుద్యోగ భృతి ఆఫీసు. పని తేలిక, తీరిక ఎక్కువ. సాయంత్రాలు నాటకాలు చూసేవాడు, మెల్లగా వేయడం మొదలుపెట్టాడు. పైఅధికారుల కంట పడకుండా పోస్టర్ల మీద వేరే పేరు వేయించుకున్నాడు. బారీ ఫిట్జెరాల్డ్ అన్న పేరు అలా పుట్టింది. ఇందులో ఆయన ఒంటరివాడేం కాదు. ఆబీలో ఆయనకి జోడీగా వెలిగిన ఎఫ్.జె. మెకార్మిక్ కూడా పీటర్ జడ్జ్ అనే పేరుగల సర్కారు గుమాస్తానే. ఆ థియేటర్‌లో చాలామంది పగలు ఫైళ్ళు, రాత్రి పాత్రలు.

తొలి వేషాల్లో ఒకదాని గురించి చెప్పుకునే కథ ఇది. షెరిడన్ రాసిన ‘ది క్రిటిక్’ నాటకంలో ఆయనకి నాలుగు మాటల డైలాగు ఇచ్చారు. వేదిక మీదికి వచ్చేసరికి కంగారులో రెండు మాటల మొదటి అక్షరాలు ఒకదాని చోట ఇంకొకటి పడ్డాయి. హాలు గొల్లుమంది. హాస్యనటుడిగా బోణీ ఇదేనని తర్వాత చెప్పుకునేవారు.

ఆబీ గురించి కొంచెం ఆగి చెప్పాలి. కవి యేట్స్, రచయిత్రి లేడీ గ్రెగరీ, వాళ్ళ మిత్రులు కలిసి 1897లో ఒక ప్రకటన రాసుకున్నారు. అప్పటికి ఇంగ్లీషు రంగస్థలం మీద ఐరిష్‌వాడంటే ఒక మూస ఉండేది. తాగుబోతు, కోతలరాయుడు, పనిదొంగ, అయినా మనసు మంచిది, నోరు తెరిస్తే జోకు. పాలించేవాళ్ళు పాలితులని చూసి నవ్వుకోవడానికి కట్టుకున్న బొమ్మ అది. తమ దేశం విదూషకుల పుట్టిల్లు కాదని చూపించే నాటకశాల ఒకటి కావాలన్నదే ఆ ప్రకటన సారం. ఇంగ్లండుకు చెందిన ఆనీ హార్నిమన్ అనే ధనికురాలి డబ్బుతో, ఒక పాత హాలునీ పక్కనే ఉన్న శవాగారం కట్టడాన్నీ కలిపి నాటకశాలగా మార్చి, 1904 డిసెంబరు 27న తలుపులు తెరిచారు. సీట్లు 560కి కాస్త అటూఇటూ. అంత చిన్న హాల్లో నటుడు కనుబొమ ఎత్తినా వెనక వరస దాకా కనిపిస్తుంది. మన రవీంద్రుడి ‘పోస్టాఫీసు’ నాటకం 1913లో యేట్స్ చొరవతో ఆడింది ఇక్కడే. 1925లో ఐరిష్ ప్రభుత్వం ఏడాదికి 850 పౌండ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో సర్కారు డబ్బుతో నడిచిన మొదటి నాటకశాలగా దీన్నే చెబుతారు.

అక్కడికి 1923లో షాన్ ఓకేసీ వచ్చాడు. డబ్లిన్ మురికివాడల మనిషి, కూలిపని చేసినవాడు, నలభై దాటాక గుర్తింపు వచ్చిన నాటకకర్త. 1924 మార్చి 3న ఆయన రెండో పెద్ద నాటకం ‘జూనో అండ్ ది పేకాక్’ ఆడారు. అందులో కెప్టెన్ బాయిల్ పాత్ర బారీ ఫిట్జెరాల్డ్‌ది.

ఈ బాయిల్ ఎవరో తెలియాలి. పేరుకి కెప్టెన్. నిజానికి ఎప్పుడో బొగ్గు పడవ మీద లివర్‌పూల్ దాకా వెళ్ళొచ్చాడు, అంతే. దాన్నే సప్తసముద్రాలు ఈదినట్టు చెప్పుకుంటాడు. పని ఉందని ఎవరైనా కబురు పెడితే చాలు, కాళ్ళ నొప్పులు మొదలవుతాయి. జాక్సర్ అనే భజనపరుడితో కలిసి సారాకొట్టు చుట్టూ తిరుగుతుంటాడు. భార్య జూనో ఒక్కతే సంపాదించి ఇల్లు ఈడుస్తుంది. ఎవరో దూరపు చుట్టం ఆస్తి రాసిపోయాడన్న కబురు వస్తుంది. బాయిల్ అప్పులు చేసి కుర్చీలు, గ్రామఫోను కొంటాడు. వీలునామా రాయడంలో జరిగిన తప్పు వల్ల చిల్లిగవ్వ రాదు. కూతురికి కడుపు చేసినవాడు పారిపోతాడు. ఐర్లండు అంతర్యుద్ధంలో తోటివాణ్ణి పట్టించిన కొడుకుని వాళ్ళ మనుషులే లాక్కెళ్ళి కాల్చేస్తారు. అప్పులవాళ్ళు సామాను మోసుకుపోతారు. జూనో కూతుర్ని తీసుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది.

ఆఖరి దృశ్యంలో బాయిల్, జాక్సర్ తప్పతాగి ఆ ఖాళీ గదిలోకి తూలుతూ వస్తారు. కొడుకు చచ్చిపోయిన సంగతి బాయిల్‌కి తెలియదు. భార్య వెళ్ళిపోయిన సంగతీ తెలియదు. జేబులో మిగిలిన నాణెం ఒకటి నేల మీద పడేసి, దేశం గురించీ లోకం అస్తవ్యస్తమైపోవడం గురించీ ముద్దమాటలతో ఉపన్యాసం ఇస్తాడు. మాటలు నవ్వు తెప్పించేవే, మొదటి అంకంలో పడీపడీ నవ్విన రకం మాటలే. ఇప్పుడు వాటికి నవ్వితే మనల్ని చూసి మనకే సిగ్గేస్తుంది. ఓకేసీ పన్నిన ఉచ్చు అది. ఆబీ ఏ మూసని చెరిపేద్దామని పుట్టిందో సరిగ్గా ఆ మూసనే తీసుకొచ్చి నిలబెట్టాడు. తాగుడు, కోతలు, పని ఎగ్గొట్టడం అన్నీ ఉన్నాయి. కాకపోతే ఆ నవ్వుకి బిల్లు ఎవరు కడుతున్నారో కూడా చూపించాడు. కట్టేది జూనో.

ఈ పాత్రకి బారీ ఫిట్జెరాల్డ్ ఒళ్ళూ గొంతూ అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. పొట్టి మనిషి. ముందుకి పొడుచుకొచ్చే గడ్డం, గరగరలాడే గొంతు, మాట మధ్యలో ఎదుటివాడి వైపు పక్కచూపు. పగలు నిరుద్యోగ భృతి కౌంటర్ ఇవతల కూర్చునే మనిషి, రాత్రి పనికి ఎగనామం పెట్టే బాయిల్ అయ్యేవాడు. ఆ కౌంటర్ అవతల ఎందరు బాయిల్‌లని చూసి ఉంటాడో! జాక్సర్‌గా మెకార్మిక్, జూనోగా సారా ఆల్గుడ్. వీళ్ళని చూడ్డానికి జనం ఎగబడ్డారు, అప్పుల్లో ఉన్న ఆబీ ఊపిరి పీల్చుకుంది.

రెండేళ్ళకి గొడవ వచ్చింది. 1916 ఈస్టర్ పండగ మర్నాడు డబ్లిన్‌లో ఆంగ్లేయుల మీద జరిగిన తిరుగుబాటు ఐర్లండు స్వాతంత్ర్య చరిత్రలో పవిత్రమైన ఘట్టం. ఓకేసీ ‘ది ప్లో అండ్ ది స్టార్స్’ నాటకంలో ఆ రోజుల్ని మురికివాడ కళ్ళతో చూపించాడు. నాయకుడి వీరావేశపు ఉపన్యాసం సారాకొట్టు కిటికీలోంచి వినిపిస్తుంటుంది. ఆ కొట్టులో ఒక వేశ్య బేరాల్లేవని గొణుగుతుంటుంది. తిరుగుబాటు జెండాలు ఆ కొట్టులోకే వస్తాయి. 1926 ఫిబ్రవరి 8న మొదటి ప్రదర్శన. ఆ వారంలోనే అమరుల కుటుంబాలకి చెందినవాళ్ళు, వాళ్ళ మద్దతుదారులు హాల్లో నిరసనకి దిగారు. కొందరు వేదిక ఎక్కారు, నటులకీ వాళ్ళకీ చేతులు కలిశాయి. ఫ్లూతర్ అనే తాగుబోతు వడ్రంగి వేషంలో ఉన్న బారీ ఫిట్జెరాల్డ్ ఒకణ్ణి గుద్ది కింద సీట్లలోకి పంపాడని అప్పటి కథనం. యేట్స్ వేదిక మీదికి వచ్చి జనాన్ని తిట్టిపోశాడు. తర్వాత ఆయుధాలతో కొందరు ఫిట్జెరాల్డ్‌ని ఎత్తుకుపోదామని వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళారు. ఆయన అక్కడ లేడు కాబట్టి సరిపోయింది.

ఇక్కడే తమ్ముడి ప్రస్తావన రావాలి. ఆ నాటకంలో లెఫ్టినెంట్ లాంగన్ అనే తిరుగుబాటు సైనికుడి పాత్ర ఆర్థర్ షీల్డ్స్ వేశాడు. ఈ ఆర్థర్ 1916లో నిజంగానే తుపాకి పట్టి తిరుగుబాటులో పోరాడినవాడు. పట్టుబడి వేల్స్‌లోని ఫ్రాంగాక్ శిబిరంలో ఖైదీగా ఉండొచ్చాడు. అంటే తిరుగుబాటు వీరుల్ని అవమానించారని హాల్లో కేకలు పడుతున్నప్పుడు, ఆ వీరుల్లో ఒకడు మేకప్ వేసుకుని వేదిక మీద నిలబడి ఉన్నాడు. కేకలు వేసినవాళ్ళు తమ మనుషుల్ని పోగొట్టుకున్న బాధలో ఉన్నవాళ్ళు, వాళ్ళని వెక్కిరించడానికి నాకు మనసొప్పదు. అయినా ఆ రాత్రి ఎవరి పక్షం అని అడిగితే ఆర్థర్ పక్షమే అంటాను.

1928లో ఓకేసీ కొత్త నాటకం ‘ది సిల్వర్ టాసీ’ని ఆబీ తిప్పి పంపింది. మరుసటేడు అది లండన్‌లో ఆడినప్పుడు అందులో వేషానికని బారీ ఫిట్జెరాల్డ్ సర్కారు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. అప్పటికి వయసు 41. పద్దెనిమిదేళ్ళ నౌకరీ, పింఛను భరోసా వదులుకుని పూర్తికాలం నటుడయ్యాడు. ఆ వయసులో మనవాళ్ళు పిల్లల చదువులూ ఇంటి లోనూ లెక్కలు చూసుకుంటారు. ఈయనకి పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. అదీ కొంత ధైర్యమిచ్చి ఉంటుంది.

తర్వాత జరిగిందే నా దృష్టిలో అసలు నష్టం. 1930లో హిచ్‌కాక్ ‘జూనో అండ్ ది పేకాక్’ని సినిమాగా తీశాడు. జూనోగా సారా ఆల్గుడ్‌నే పెట్టుకున్నాడు. కెప్టెన్ బాయిల్ వేషం మాత్రం ఎడ్వర్డ్ చాప్‌మన్ అనే ఇంగ్లీషు నటుడికి వెళ్ళింది. బారీ ఫిట్జెరాల్డ్ సినిమా మొదట్లో వీధిలో జనాన్ని ఉద్దేశించి ఉపన్యసించే వక్తగా కాసేపు కనిపించి మాయమవుతాడు. ఆయన తొలినాళ్ళ సినిమా వేషాల్లో అదొకటి. 1940లో న్యూయార్క్ వేదిక మీద సారా ఆల్గుడ్‌తో కలిసి మళ్ళీ బాయిల్ వేశాడు గానీ, సినిమా కెమెరా ముందు ఆ పాత్ర ఎన్నడూ ఆయన చేతికి రాలేదు.

అమెరికాకి తీసుకెళ్ళింది ఆబీ బృందం పర్యటనలు, ఆ తర్వాత దర్శకుడు జాన్ ఫోర్డ్. 1936లో ఫోర్డ్ ‘ది ప్లో అండ్ ది స్టార్స్’ని సినిమాగా తీస్తూ డబ్లిన్ నుంచి ఆబీ నటుల్ని పిలిపించాడు. అన్న ఫ్లూతర్ వేషంలోనే దిగాడు. తమ్ముడికి తిరుగుబాటు నాయకుడు పాడ్రిక్ పియర్స్ వేషం దక్కింది. తాను ఎవరి నాయకత్వంలో పోరాడాడో ఆయన పాత్రే! స్టూడియో వాళ్ళు ప్రధాన పాత్రల్లో హాలీవుడ్ తారల్ని కూర్చోబెట్టి, నాటకాన్ని భార్యాభర్తల ప్రేమకథగా కుదించారు. సినిమా అంతగా ఆడలేదు. బారీ ఫిట్జెరాల్డ్ మాత్రం హాలీవుడ్‌లోనే ఉండిపోయాడు. ‘బ్రింగింగ్ అప్ బేబీ’లో తోటమాలి, ‘ది లాంగ్ వాయేజ్ హోమ్’లో ఓడ మనిషి, ‘హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ’లో ఊరి మనిషి, ఇలాంటి చిన్న చిన్న వేషాలు వేస్తూ వచ్చాడు. చివరి రెండిట్లో తమ్ముడూ ఉన్నాడు.

‘గోయింగ్ మై వే’ కథ నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. న్యూయార్క్‌లో అప్పుల పాలైన ఒక చర్చి. దాన్ని దశాబ్దాలుగా నడిపిన ఫాదర్ ఫిట్జ్‌గిబ్బన్‌కి వయసు మీరింది. పగ్గాలు అందుకోవడానికి పైవాళ్ళు ఒక కుర్ర ఫాదర్‌ని పంపారు. ఆ సంగతి ముసలాయనకి చెప్పకుండా, ఆయన మనసు నొప్పించకుండా కుర్రాడు పని చక్కబెట్టాలి. దర్శకుడు లియో మెకారీ. ఏడు ఆస్కార్లు వచ్చాయి. ఈరోజు చూస్తే తీపి కాస్త ఎక్కువైందనిపిస్తుంది, నిజమే. ఆ తీపిలో ముసలి ఫాదర్ దృశ్యాలు మాత్రం చెక్కు చెదరలేదు.

పుస్తకాల అల్మరాలో దాచుకున్న విస్కీ సీసా దృశ్యం చూడండి. ఏటా క్రిస్మస్‌కి ఐర్లండు నుంచి వాళ్ళమ్మ పంపే సీసా అది. కుర్ర ఫాదర్‌కి ఒక గుక్క ఇస్తూ అమ్మ గురించి చెబుతాడు. ఏ నటుడికైనా ఇక్కడ గొంతు వణికించాలనిపిస్తుంది. ఈయన అలా చెయ్యడు. సంబరంగా, దొంగతనం చేస్తున్న కుర్రాడిలా చెబుతాడు. ఎన్నేళ్ళుగా అమ్మని చూడలేదో మాటల మధ్యలో దొర్లిపోతుంది. ఆఖర్న కుర్ర ఫాదర్ ఆ తల్లిని ఐర్లండు నుంచి రప్పిస్తాడు. తొంభై దాటిన మనిషి, చెయ్యి పట్టుకుని నడిపిస్తే తలుపులోంచి వస్తుంది. ముసలి కొడుకు తిరిగి చూస్తాడు. ఒక్క మాట లేదు. పొట్టి అడుగులు వేసుకుంటూ వెళ్ళి ఆమె భుజం మీద తల పెడతాడు. ముఖం దాదాపు కనిపించదు. పైన నేను చెప్పిన రెండు నామినేషన్లకీ ఈ రెండు దృశ్యాలు చాలనిపిస్తుంది. న్యూయార్క్ విమర్శకుల సంఘమైతే మొహమాటపడకుండా ఉత్తమ నటుడి బహుమతే ఇచ్చింది.

ఆ సినిమా వచ్చిన ఏడాదే ఆయన నడుపుతున్న కారు ప్రమాదంలో ఒక స్త్రీ చనిపోయింది. కేసు నడిచింది. 1945 జనవరిలో కోర్టు నిర్దోషి అని విడిచిపెట్టింది. ఆ తర్వాత రెండు నెలలకి ఆస్కార్ వేడుక.

ఆ విజయం తర్వాత హాలీవుడ్‌కి ఆయన ఏమిటో అర్థమైపోయింది, అంటే ఏమి అమ్ముకోవచ్చో అర్థమైంది. చిరుకోపం, చిలిపితనం, కాస్త చుక్క, బంగారం లాంటి మనసు. పాత్రలు ఆ కొలతకే కుట్టడం మొదలైంది. విదూషకుడి బొమ్మని పగలగొడదామని పుట్టిన నాటకశాల నుంచి వచ్చిన మహానటుడు, ఆ బొమ్మకే ముద్దొచ్చే కొత్త ముఖం ఇచ్చాడని విమర్శించినవాళ్ళున్నారు. ఆ విమర్శలో నిజం ఉంది. బాయిల్‌లో నవ్వూ ఉంది, దాని ఖరీదూ ఉంది. హాలీవుడ్ నవ్వుని ఉంచుకుని ఖరీదుని కత్తిరించేసింది. తప్పు నటుడిదా అంటే, అరవై దగ్గరపడ్డ మనిషి వచ్చిన వేషాలు వద్దనగలడా? అదీగాక, ఇచ్చిన కొలతలోనే ఆయన అప్పుడప్పుడూ పాత సగాన్ని దూర్చేవాడు.

1945లో అగాథా క్రిస్టీ నవల ఆధారంగా వచ్చిన ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’లో న్యాయమూర్తి వేశాడు. ఆ మెత్తదనాన్నే అందులో ఎలా వాడుకున్నారో చెబితే కథ చెప్పేసినట్టే, కాబట్టి చెప్పను. 1948లో వచ్చిన ‘ది నేకెడ్ సిటీ’లో న్యూయార్క్ హత్యల విభాగం అధికారి మల్డూన్. దర్శకుడు జూల్స్ డాసిన్ ఆ సినిమాని స్టూడియో సెట్లలో కాకుండా నగరం వీధుల్లో తీశాడు. కొన్నిచోట్ల జనానికి తెలియకుండా బండిలో కెమెరా దాచిపెట్టి తీశాడు. ఛాయాగ్రహణానికీ కూర్పుకీ ఆస్కార్లు వచ్చాయి. అంత నిజమైన నగరం మధ్య నాటకాల మనిషి తేలిపోవాలి, కానీ తేలిపోలేదు. నైల్స్ అనే యువకుణ్ణి మల్డూన్ ప్రశ్నించే దృశ్యం గమనించండి. ఆ కుర్రాడు అడిగినదానికల్లా అబద్ధం చెబుతాడు. ఒక్కో అబద్ధం బయటపడుతున్నకొద్దీ మల్డూన్ గొంతు పెంచడు, ఇంకా మర్యాద పెంచుతాడు. సర్వీసులో ఇలాంటివాళ్ళని వందల మందిని చూసి చూసి విసుగు కూడా అరిగిపోయిన నవ్వు ఒకటి నవ్వుతాడు. కౌంటర్ వెనక పద్దెనిమిదేళ్ళు కూర్చున్న గుమాస్తా నాకు ఈ పాత్రలోనే ఎక్కువగా కనిపిస్తాడు.

‘ది క్వయట్ మ్యాన్’ సంగతి చెప్పక తప్పదు. 1951 వేసవిలో జాన్ ఫోర్డ్ తన బృందాన్నంతా ఐర్లండు పడమటి భాగంలోని కాంగ్ అనే ఊరికి తీసుకెళ్ళి రంగుల్లో తీసిన సినిమా. జాన్ వేన్ నాయకుడు, నాయిక మౌరీన్ ఓహారా కూడా ఆబీలో తయారైనదే. బారీ ఫిట్జెరాల్డ్ మైకలీన్ ఫ్లిన్, ఆ ఊరి పెళ్ళిళ్ళ పేరయ్య. పందేలూ ఆయనే కడతాడు. గుండ్రటి టోపీ, నోట్లో పైపు, గుర్రబ్బండి. ఆ గుర్రం సారాకొట్టు ముందు తనంతట తానే ఆగిపోతుంది. మైకలీన్ దానికేసి చూసే చూపులో మందలింపు లేదు, కృతజ్ఞతే ఉంది. పెళ్ళయిన మర్నాడు కొత్త జంట ఇంటికి వచ్చి, విరిగిపడిన మంచం చూస్తాడు. అసలు జరిగింది గొడవ, మగడు రాత్రంతా పడకగది బయటే పడుకున్నాడు. అది తెలియని ఈయన ముఖంలో ముందు దిగ్భ్రమ, తర్వాత భక్తిలాంటి మెచ్చుకోలు. ఒకటి రెండు మాటల్లో ఆ పని ముగిస్తాడు. ఆ ముఖం కోసమే ఈ సినిమా మళ్ళీ మళ్ళీ చూసేవాళ్ళున్నారు. సినిమాలో ఐర్లండు మరీ పటం కట్టినట్టుంటుంది, అది వేరే సంగతి.

ఇందులో తమ్ముడు ఆర్థర్ ప్రొటెస్టెంట్ ఫాదరుగా ఉన్నాడు. నాయకుడి రహస్యం తెలిసిన ఒకే ఒక్క మనిషి. అన్నకి నవ్వులు దక్కితే తమ్ముడికి ఎప్పుడూ ఇలాంటి నెమ్మది పాత్రలే దక్కేవి. ‘ది క్వయట్ మ్యాన్’కి ముందు ఆయన మన దేశానికే వచ్చి ఒక సినిమా చేశాడు. ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వార్ కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున తీసిన ‘ది రివర్’. ఆ షూటింగ్ చూడ్డానికి వచ్చేవాళ్ళలో అడ్వర్టయిజింగ్ కంపెనీలో పనిచేస్తున్న సత్యజిత్ రాయ్ కూడా ఉండేవాడు. ఆర్థర్ అందులో మిస్టర్ జాన్, భారతీయ భార్యని పోగొట్టుకుని కూతురితో ఇక్కడే ఉండిపోయిన తెల్లవాడు. ఆ కూతురి వేషం వేసిన రాధ మద్రాసు కళాక్షేత్రంలో నాట్యం నేర్చుకున్న అమ్మాయి. తర్వాత రాధా బర్నియర్‌గా అడయారు థియోసాఫికల్ సొసైటీకి చాలాకాలం అధ్యక్షురాలిగా ఉన్నారు. పాము కరిచి పక్కింటి పిల్లవాడు పోయాక మిస్టర్ జాన్ పెద్దవాళ్ళ లోకం మీద కోపంగా, మెల్లగా మాట్లాడే దృశ్యం ఒకటుంది. దానికి అన్న పనికిరాడు, తమ్ముడే కావాలి.

‘ది క్వయట్ మ్యాన్’ తీసిన ఆ వేసవిలోనే, జూలై 17 అర్ధరాత్రి దాటాక ఆబీ థియేటర్ కాలిపోయింది. ఆ సాయంత్రం అక్కడ ఆడిన నాటకం ‘ది ప్లో అండ్ ది స్టార్స్’. బృందం ఇంకోచోట సర్దుకుని నాటకాలు ఆడుతూనే వచ్చింది. కొత్త భవనం 1966లో గానీ లేవలేదు.

హాలీవుడ్‌లో బారీ ఫిట్జెరాల్డ్ తన డూప్‌గా పనిచేసే స్నేహితుడితో కలిసి ఒక ఫ్లాట్‌లో, తారల హంగు లేకుండా గడిపాడు. వేషం లేని రోజు గోల్ఫ్. చివరి దశలో ఐర్లండు తిరిగొచ్చాడు. 1959లో ‘బ్రాత్ ఆఫ్ ఎ బాయ్’లో ప్రపంచంలోకెల్లా వయసు మీరిన మనిషిగా నటించాడు. 1961 జనవరిలో డబ్లిన్‌లోనే పోయాడు. తమ్ముడు ఆర్థర్ 1970లో కాలిఫోర్నియాలో పోయాడు.

ఈయన్ని కొత్తగా చూడదలుచుకున్నవాళ్ళు ‘ది నేకెడ్ సిటీ’తో మొదలుపెట్టడం మంచిది. ఐరిష్ తీపి అందులో తక్కువ, పనితనం ఎక్కువ. తర్వాత ‘ది క్వయట్ మ్యాన్’ చూసి ఆ గొంతు చెవిలో నిలుపుకోండి. ‘జూనో అండ్ ది పేకాక్’ నాటకం పుస్తకంగా దొరుకుతుంది, పెద్దది కూడా కాదు. బాయిల్ మాటలు వచ్చినచోటల్లా ఆ గొంతుతో చదువుకుంటే సరి.